నలుగురు పిల్లలు కలిస్తే చెడిపోతారా?

పదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా పిల్లలను సంబరాలకు, సంఘాలకు దూరంగా ఉంచాలని, నలుగురు కలిస్తే చెడిపోతారని, చదువు పాడవుతుందని, బాధలు చెప్పుకుంటే అవి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని, ఇదంతా విదేశీ మోజని ఒక సందేశం వాట్సాప్‌లో తిరుగుతోంది. పరీక్షలు దగ్గరపడితే మా బంధువుల గ్రూపులోకి తప్పకుండా వస్తుంది. మా ఊరి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం ఈ వయసు పిల్లలతో రెండు గంటలు గడుపుతాను. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

విదేశీ మోజు అన్న మాట ముందు తీసేద్దాం. అట్లతద్ది నాడు తెల్లవారకముందే లేచి ఆడపిల్లలంతా కలిసి ఊయల ఊగింది ఎక్కడ? బతుకమ్మ తొమ్మిది రోజులూ వాడంతా ఒకచోట చేరేది ఎక్కడ? భోగి మంటకు కట్టెలు పోగుచేస్తూ మగపిల్లలు ఊరంతా తిరిగేవారు. కలవడం మనకు కొత్త కాదు, ఈ మధ్య మనమే మాన్పించాం.

ఇక చెడిపోవడం గురించి. ఈ భయంలో కొంత నిజముంది, కొట్టిపారేయను. పక్కన స్నేహితులు చూస్తుంటే ఈ వయసు పిల్లలు ఎక్కువ తెగిస్తారని 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు కారు నడిపే ఆటతో చేసిన ప్రయోగంలో తేలింది. అయితే ఐస్‌లాండ్ సంగతి చూడండి. అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గత నెలలో ఒక్కసారైనా తాగి మత్తెక్కామన్నవారు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. అక్కడివాళ్లు పిల్లలను విడదీయలేదు. శిక్షకులుండే ఆటలకు, సంగీతానికి, నాట్యానికి పంపారు, అందుకు రాజధాని రేక్యవిక్ నగరం కుటుంబాలకు డబ్బు ఇచ్చింది. రాత్రి పొద్దుపోయాక వీధుల్లో తిరగనివ్వలేదు, సాయంత్రాలు తల్లిదండ్రులే వంతులవారీగా కాపలా తిరిగారు. మద్యం చట్టాలనూ బిగించారు కాబట్టి ఘనతంతా ఆటలదే అనను. కానీ పెద్దల నీడ ఉన్న కలయిక వేరు, అది లేని కలయిక వేరు. ఆ సందేశం రెంటినీ ఒక గాటన కడుతోంది.

చదువు పాడవుతుందన్న మాటకు పెద్ద జవాబు అక్కరలేదు. వారానికి రెండు గంటలు, అంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది బాధలు అంటుకుంటాయన్న మాట. చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. బీహార్‌లోని నలందా జిల్లా ఉన్నత పాఠశాలల్లో సెహర్ అనే కార్యక్రమం జరిగింది. పిల్లల బృందాలు, గోడపత్రిక, పోటీలు, మనసులోని మాట రాసి వేసే పెట్టె, ఇవన్నీ అందులో ఉన్నాయి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించిన ఫలితాల ప్రకారం పిల్లల్లో దిగులు, ఒకరినొకరు వేధించడం తగ్గాయి. అయితే అందుకోసమే నియమించిన సలహాదారు నడిపిన చోటే ఆ ఫలితం వచ్చింది, ఉపాధ్యాయులే నడిపిన చోట రాలేదు. మార్కులు వేసే మనిషి ముందు పిల్లలు మనసు విప్పలేరేమోనని నాకనిపిస్తుంది. మన ప్రభుత్వం కూడా 2014లో మొదలుపెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమంలో ఊళ్లలోని పిల్లల నుంచే ‘సాథియా’లను, అంటే తోటి పిల్లలకు తోడుగా నిలిచేవారిని, ఎంపిక చేసి శిక్షణ ఇవ్వాలని పెట్టుకుంది.

పదహారేళ్ల పిల్ల వైద్యురాలు కాదు, నిజమే. అందుకే మా పిల్లలకు మొదట నేర్పింది ఒక్కటే: ఎవరైనా ప్రాణం మీది మాట చెబితే దాచిపెడతానని మాట ఇవ్వకండి, ఒక పెద్దమనిషికి చెప్పండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌ 14416కు ఫోను చేయండి.

మేమూ బీరువా పక్కన ఒక అట్టపెట్టె పెట్టాం. మొదటి ఆదివారం అందులో ఏడు కాగితాలు. ఒకటి మడతల మీద మడతలు పెట్టి చింతగింజంత చేసి ఉంది. ‘నాన్న అప్పు చేసి కాలేజీలో చేర్చాడు. నాకు లెక్కలు రావడం లేదు. ఇంట్లో ఎలా చెప్పాలి?’ పైకి చదివాను. కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. వెనక బెంచీలో ఒక అమ్మాయి, "నాదీ అదే సంగతి" అంది. తర్వాత ఇంకొకరు. ఆ సాయంత్రమే ఆరుగురు ఒక బల్ల చుట్టూ చేరి లెక్కలు మొదలుపెట్టారు. అందరూ వెళ్లాక ఒక అబ్బాయి చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"అక్కా, అది నేను రాసిందే. మీరు మా నాన్నతో మాట్లాడతారా?"

అతనితో కలిసి వాళ్లింటికి వెళ్లాను.