ఒకడు నలుపు, ఒకడు తెలుపు

జర్మనీ యూనివర్సిటీల్లో టాండెమ్ అని ఒకటుంటుంది. ఫీజులు, పరీక్షలు ఏమీ ఉండవు, వారానికో గంట ఇద్దరు స్టూడెంట్లు కూర్చుని అరగంట నీ భాష, అరగంట నా భాష అని మాట్లాడుకోవడమే. మాగ్డెబుర్గ్‌కి వచ్చిన కొత్తలో నేనూ నోటీసు బోర్డు మీద ఓ చీటీ అంటించాను. ఇక్కడ తెలుగు ఎవరికి కావాలిలే అనుకుంటుంటే, ఫ్రెండు పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాలంటూ ఒక జర్మన్ అమ్మాయి దొరికింది.

మొదటి రోజే పరువు పోయింది. "హాల్ప్ డ్రై"కి రమ్మంది. హాల్ప్ అంటే సగం, డ్రై అంటే మూడు, కాబట్టి మూడున్నర అని లెక్కేసుకుని, మనవాళ్ళ పేరు నిలబెడదామని పది నిమిషాల ముందే వెళ్ళాను. వాళ్ళ లెక్కలో అది రెండున్నర అట. పాపం ఆ అమ్మాయి అప్పటికి యాభై నిమిషాలుగా ఖాళీ కప్పు ముందు పెట్టుకుని కూర్చునుంది.

ఆ తర్వాత నన్ను బాగానే ఏడిపించింది లెండి. చెంచా మగ, ఫోర్క్ ఆడ, కత్తి రెండూ కాదు, ఆఖరికి అమ్మాయి అనే మాట కూడా నపుంసకలింగమే! నేనూ ఊరుకోలేదు, మన అంకెలు తీశాను. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, మిగతావన్నీ రెండు, మూడు అని. ఆమె ఇంట్లో రెండు పిల్లులున్నాయి. "వాళ్ళు మనుషులే, ఇద్దరు అనే అంటాను" అని పట్టుబట్టింది. పోనీలే అని వదిలేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఓ ఆదివారం మేం కెఫేలో ఉండగా అమ్మ వీడియో కాల్ చేసింది. ప్రాక్టీసవుతుంది కదా అని ఫోను ఆ అమ్మాయికిచ్చి కాఫీ తేవడానికి వెళ్ళాను. లైన్లో నా ముందు నలుగురున్నారు. "భోంచేశారా అండి?" అని వినపడింది, అమ్మ మురిసిపోయింది. అంతవరకూ నేను నేర్పిన పాఠమే.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేను, నా ఇద్దరు పిల్లలు."

పిల్లులకీ పిల్లలకీ మధ్య ఉన్న ఆ ఒక్క కొమ్ము ఆ నోట్లో ఎప్పుడూ పలకదు. అమ్మ కాస్త తమాయించుకుని, "అయితే పెళ్ళయిందా?" అంది.

పెళ్ళి ఆమె చెవికి పిల్లిలా వినపడింది. "అవునండి! రెండు! ఒకడు నలుపు, ఒకడు తెలుపు. మీ అబ్బాయంటే చాలా ఇష్టం. రోజూ మీ అబ్బాయి మీద పడుకుంటారు."

నేను రెండు కప్పులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఫోన్‌లో అమ్మ లేదు, నాన్న ఉన్నారు. బనీను మీదే, కళ్ళజోడు కూడా లేకుండా. "ఏరా, ఎన్నాళ్ళనుంచి?" అన్నారు.

పిల్లుల ఫోటోలు పంపించి, వ్యాకరణం వివరించి, అమ్మ చేత నాలుగు తిట్లు తిని పెట్టేశాను. ఆ కాస్త గ్యాపులోనే అమ్మ ఒంగోలు పిన్నికి చెప్పేసిందని నాకేం తెలుసు! రాత్రి పిన్ని వాయిస్ మెసేజ్ పెట్టింది. "అయ్యిందేదో అయ్యింది నాన్నా, మీ అమ్మకి నేను సర్దిచెబుతాలే. ముందు ఆ పిల్లలిద్దరికీ కాస్త తెలుగు నేర్పించు."