సవరణ: వదిలేయడం స్వేచ్ఛ ఇవ్వడం కాదు

జిమ్ ట్రైనర్ల ప్రవర్తన గురించి నా గత పోస్టులో, "మెంబర్‌కు స్వయంప్రతిపత్తి కావాలంటే ట్రైనర్ ఏమీ చెప్పకుండా వదిలేయాలి" అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

కూకట్‌పల్లిలో ట్రైనర్‌గా చేసే ఒక మిత్రుడు ఎత్తిచూపాక, మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ 1980లలో రూపుదిద్దిన స్వీయ నిర్ణయ సిద్ధాంతంపై రచనలు మళ్లీ చదివాను. మనిషికి మూడు మానసిక అవసరాలుంటాయని అది చెబుతుంది: స్వయంప్రతిపత్తి, చేయగలననే నమ్మకం, సాటివారితో అనుబంధం. ఇక్కడ స్వయంప్రతిపత్తి అంటే ఒంటరిగా చేయడం కాదు, మనసొప్పి చేయడం.

"స్క్వాట్‌లో మోకాలు పట్టేస్తోందన్నా" అని ఒకామె అంటే, "సరే అక్కా, బరువు తగ్గిద్దామా, వేరే వ్యాయామం చేద్దామా?" అని అడిగి, ఎందుకో కూడా చెప్పడం ఆ అవసరాన్ని తీరుస్తుంది. "నీ ఇష్టం" అని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే తీరదు. కొత్తగా చేరినవాళ్లకైతే మరీ కష్టం, డంబెల్ ఎలా పట్టుకోవాలో కూడా తెలియక బిక్కమొహం వేస్తారు.

అందరి ముందూ "చెప్పింది చెయ్" అని గద్దించడం హాని చేస్తుందని అదే పోస్టులో అన్న మాటలో మాత్రం మార్పు లేదు. "వదిలేయాలి" అన్న వాక్యాన్ని పాత పోస్టులో సరిచేశాను.