అన్నప్రాశన అయింది సరే, మర్నాడు ఏం పెట్టారు?

అన్నప్రాశన అనగానే మనోళ్లు ముందు పంచాంగం తీస్తారు. మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల, అది కుదిరిందనుకుంటే మూఢం, మూఢం పోయేసరికి మేనమామకి దుబాయ్‌లో లీవు దొరకదు, ఇలా ఎనిమిదో నెల వచ్చేస్తుంది. ఇంకో బ్యాచ్ ఉంటారు, నాలుగో నెలకే పాలు చాలట్లేదని డబ్బా ఫుడ్ మొదలెట్టేస్తారు. ఆరు నెలలు నిండాక మొదలెట్టాలని డబ్ల్యూహెచ్ఓ ఎప్పట్నుంచో చెప్తోంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఐరన్ దాదాపు అప్పటికి అడుగంటుతుంది, తల్లిపాలల్లో ఐరన్ తక్కువే, అందుకని. ఫంక్షన్ ఎప్పుడైనా చేసుకోండి, పెన్ను పట్టుకుందా బంగారం పట్టుకుందా వీడియో తీసుకోండి, గిన్నె స్పూను మాత్రం ఆరు నిండగానే బయటికి రావాలి.

అయితే నా గొడవ అసలు డేట్ గురించి కాదు, ఆ తర్వాత పెట్టేదాని గురించి. పాయసం నాకించిన మర్నాటి నుంచి చాలా ఇళ్లల్లో నడిచేది పప్పు మీద తేట, లేకపోతే గంజి. పొట్ట నిండుతుంది గానీ బలమేముంది అందులో? స్పూను వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి, మెత్తగా మెదిపిన పప్పన్నం, కాస్త నెయ్యి, మన పాత ఉగ్గు అయినా పర్లేదు, మొదట్లో రోజుకి రెండు మూడు సార్లు రెండేసి స్పూన్లు, పాలు ఎలాగూ ఇస్తూనే. గుడ్డు కూడా ఆరు నెలల నుంచే పెట్టొచ్చు, కానీ "వేడి చేస్తది, అరగదు" అని ఏడాది దాకా దగ్గరికే రానివ్వరు (తేనె మాత్రం నాలిక మీద రాసేస్తారు, ఏడాదిలోపు పెట్టకూడనిది అదే!). ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) చూస్తే దేశంలో 6-8 నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు గట్టి తిండో మెత్తటి తిండో అందేది 45.9 శాతానికే, 6-23 నెలల్లో సరిపడా తిండి దొరికేది 11.3 శాతానికే. పేదరికం ఒక్కటే అంటే నేనొప్పుకోను, ఇంట్లో అందరికీ గుడ్డు కూర వండిన రోజు కూడా బిడ్డకి తేటే.

ఇంకోటి, సర్కారు టీకాల షెడ్యూల్లో పద్నాలుగో వారం తర్వాత మళ్లీ తొమ్మిదో నెలే. అంటే సరిగ్గా తిండి మొదలెట్టే టైంలో ఆసుపత్రి మొహం చూసే పనే ఉండదు. ఆ గ్యాప్‌లోనే ఆశా వర్కర్ ఆరో నెలలో ఇంటికి రావాలి, పసిపిల్లల్ని ఇంటికొచ్చి చూసే హెచ్‌బీవైసీ అని 2018లో మొదలైన సర్కారు ప్రోగ్రాంలో అది ఉంది. వచ్చినప్పుడు కార్డు నింపి తల్లికి నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోతే లాభం లేదు, వంటింట్లో మాట చెల్లేది అత్తగారిదో అమ్మమ్మదో, ఆవిణ్ణి కూర్చోబెట్టి, నిన్న బిడ్డకి ఏం పెట్టారో ఆ గిన్నె చూపించమని అడగాలి.