మెడ దగ్గర మొదలైన సమానత్వం

స్త్రీ పురుష సమానత్వం గురించి ఈ దేశంలో సభలు బోలెడు జరిగాయి, తీర్మానాలూ బోలెడు చేశారు. అది నిజంగా అమల్లోకి వచ్చిన చోటేదో మాత్రం ఏ వక్తా చెప్పలేదు. నేను చెప్తాను. మెడ వెనక, కుడిచెవికి బెత్తెడు కింద. మా మేనల్లుడి సంగీత్‌కు తొడుక్కున్న కుర్తా కాలర్‌లో జరీ కొస ఒకటి సరిగ్గా అక్కడ లేచి నిలబడి, మూడు గంటల సేపు నాకు క్లాసు పీకింది.

అంతకు ముందు ముప్ఫయ్యేళ్లుగా నా పండగ అలంకరణ పది నిమిషాల పని. పట్టుపంచె, తెల్ల లాల్చీ, భుజం మీద కండువా. ఉగాదికీ అదే, దసరాకీ అదే, ఎవరి పెళ్లికైనా అదే. అవి తగిలించుకుని, గుమ్మంలో నిలబడి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ "ఇంకా ఎంతసేపే?" అని అరిచేవాణ్ణి. లోపల మా ఆవిడ మగ్గం వర్క్ జాకెట్టు హుక్కులతో కుస్తీ పడుతుండేది. ఆ జాకెట్టు కూలి విన్న రోజున "చీర కన్నా జాకెట్టు ఖరీదా!" అని నేనేసిన జోకు చుట్టాల్లో ఏడాది పాటు తిరిగింది. కర్మకు కుట్టుపని కూడా వచ్చని అప్పట్లో నాకు తెలీదు.

(మాటలో మాట. మగ్గం వర్కులో మగ్గం ఉండదు. చెక్కచట్రానికి బట్టను డప్పులా బిగించి, కొక్కెం మొన ఉన్న ఆరీ సూదితో దారాన్ని కింది నుంచి పైకి లాగుతూ గొలుసులా కుట్టుకుపోతారు. నేత కాదు, కుట్టు. ఆ చట్రాన్ని చూసి ఎవరో మగ్గం అన్నారు, అదే ఖాయమైపోయింది. నన్ను చూసి ఎవరో ఇంటి యజమాని అన్నట్టే.)

మన పెళ్లిళ్లలో స్నాతకం, ఎదురుకోలు, కాశీయాత్ర ఉండేవి. వాటి మధ్య సంగీత్ ఎప్పుడొచ్చి కూర్చుందో తెలీదు గానీ, వస్తూ వస్తూ ఒక హుకుం తెచ్చింది. వాట్సాప్‌లో పడిందది: "మగవాళ్లందరూ ఎంబ్రాయిడరీ కుర్తాలు, లేత రంగులు." ఎదురింటి రిటైర్డ్ మాస్టారికి చూపిస్తే "మగాడికి చమ్కీలేంటండీ, మన సంప్రదాయమేనా?" అని ముక్కు మీద వేలేసుకున్నారు. సంప్రదాయమే మాస్టారూ. గోల్కొండ సుల్తానుల కాలం నాటి చిత్రాలు చూడండి. నడుముకు చుట్టిన పట్కా కొసల నిండా బంగారు పువ్వులే. మగాడు మెరుస్తూనే ఉండేవాడు. మధ్యలో కోటూ ప్యాంటూ వచ్చి, మెరిసే బాధ్యతంతా ఆడవాళ్లకు అప్పజెప్పి, మనం ఆలస్యమైందని అరిచే ఉద్యోగంలో స్థిరపడ్డాం.

ఇక ఈ హైదరాబాదులోనే, 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉన్నాడు. నలిగి, వెలిసిపోయిన షేర్వాణీల్లోనే తిరిగేవాడని చెప్పుకుంటారు. అంత ఉన్నవాడు అలా తిరిగాడు. నేను మాత్రం ఒక సాయంత్రం సంగీత్ కోసం క్రెడిట్ కార్డు తీశాను.

కొట్లో పరుపు మీద కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇచ్చి, ఆ కుర్రాడు మొదలుపెట్టాడు. "ఆనియన్ పింక్ చూడండి సార్, మీ స్కిన్‌టోన్‌కి కరెక్టు." అది ఉల్లిపొర రంగు. మా అమ్మ చీరల కాలం నుంచీ ఉంది. ఉల్లిపొర అన్నన్నాళ్లూ కాటన్ ధరే పలికింది, ఇంగ్లీషులోకి మారాక రెట్టింపయింది. తర్వాత పిస్తా వచ్చింది, లావెండర్ వచ్చింది. నెమలికంఠం ఉందా బాబూ అంటే నా వంక జాలిగా చూశాడు. నా స్కిన్‌టోన్ గురించి యాభై మూడేళ్లలో ఎవరూ ఆలోచించలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషమే వేసింది. అక్కడే పడిపోయాను.

"ప్యూర్ హ్యాండ్ వర్క్ సార్" అన్నాడు. నేను కుర్తాను తిరగేశాను. కొట్లో ఒక్కసారి నిశ్శబ్దం. ఎంబ్రాయిడరీ నిజాయితీ అంతా లోపలివైపే ఉంటుంది. చేతిపనైతే వెనకాల ముళ్లు కనిపిస్తాయి, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం గెంతిన జాడలుంటాయి, ఏ రెండు ఆకులూ అచ్చంగా ఒకలా ఉండవు. మిషన్ పనైతే వెనక తెల్లటి బాబిన్ దారం సైన్యంలా బారులు తీరి ఉంటుంది, అట్టలాంటి గుడ్డ ఒకటి అంటుకుని ఉంటుంది. ఈ కుర్తా లోపల అంతా క్రమశిక్షణే. "హ్యాండే సార్, మిషన్‌ని నడిపేది హ్యాండే కదా" అన్నాడు కుర్రాడు. వాడు ఎప్పటికైనా మంత్రి అవుతాడు.

మిషన్ పని నేరమేం కాదు, మిషన్ ధరకు అమ్మితే. చేతిపని పేరు చెప్పి తీసుకునే డబ్బుకు మాత్రం చూడాల్సింది లక్నో చికన్‌కారీ. నీటికి పోయే నీలి రంగుతో అచ్చు అద్ది, ఆ గీతల మీద కుట్టి, ఆఖర్న ఉతికితే నీలం పోయి పని మిగులుతుంది. అందులో బఖియా అని ఒక కుట్టుంది. పల్చటి బట్టకు వెనకవైపు కుడతారు, దాని నీడ ముందుకు కనిపిస్తుంది. తెల్ల బట్ట మీద తెల్ల దారం, మెరుపే లేదు. అంత కష్టపడి ఎవరికీ కనబడకుండా ఉండటమేమిటని మా అల్లుడు అడిగాడు. మీ అత్తగారినడుగు నాయనా అన్నాను.

జరీ సంగతీ అంతే. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. దాని తర్వాతిది రాగి తీగ మీద వెండి. మనకు దొరికేదెక్కువగా ప్లాస్టిక్ పొర, నిప్పు చూపిస్తే ముద్దవుతుంది. కొట్లో అగ్గిపుల్ల గీయలేం కాబట్టి అందరం దాన్నే "ప్యూర్" అనుకుని ఇంటికి తెచ్చుకుంటాం. అదే మెడలో గుచ్చుకునేది.

ధర 2,499. ఈ ఒక్క రూపాయి వినయం ఎందుకో విచారించాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటని బట్టకు 5 శాతం జీఎస్టీ, దాటితే 18. అంటే సర్కారు దృష్టిలో 2,500 దాకా నేను నిరాడంబరుణ్ణి, ఒక్క రూపాయి పైకెళ్తే భోగలాలసుణ్ణి. 1921లో గాంధీ మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టింది కూడా సెప్టెంబరు 22నే. యాదృచ్ఛికమే అయ్యుంటుంది.

చూడీదార్ విషయం చెప్పకపోతే పాపం తగులుతుంది. బట్టను ఏటవాలుగా కత్తిరిస్తారు, సాగడానికి. కాలు కన్నా పొడుగ్గా కుడతారు, చీలమండ దగ్గర గాజుల్లా ముడతలు పడటానికి. ఆ గాజుల మీదుగానే దానికా పేరు. అంటే నా కాళ్లకు గాజులు తొడిగారన్నమాట. మడమ దూర్చడానికి మా ఆవిడ పాలిథిన్ సంచి తెచ్చింది. పాదానికి సంచి తొడిగి, దాని మీదుగా చూడీదార్ లాగి, తర్వాత సంచిని పీకేయాలట. అది ఎక్కడ నేర్చుకుందో అడిగే ధైర్యం చాల్లేదు.

ఇక అలంకార శాస్త్రం. మనిషి మీద మెరిసేది ఒకటే ఉండాలి. గుండెల నిండా పనుంటే కండువా సాదాగా, కండువా మీద పనుంటే కుర్తా సాదాగా. ఈ ఒక్క సూత్రం తెలియక సంగీత్‌లో మా బావగారు జరీ కుర్తా, దాని మీద అద్దాల కోటు, దాని మీద చమ్కీల కండువా, బ్రోచి, బంగారు పట్టీ గడియారం పెట్టుకొచ్చారు. ఫొటోగ్రాఫరు ఫ్లాష్ ఆపేసుకున్నాడు. పొట్ట ఉన్నవాళ్లు పని గుండెల మీదే ఆగేలా చూసుకోండి. పొట్ట మీదికి దిగిన తీగకు విస్తరించే అవకాశం మరీ ఎక్కువ. మెడ పొట్టిదైతే నిలువు కాలర్ వద్దు, గెడ్డం దాని మీద విశ్రాంతి తీసుకుంటుంది. కొనేటప్పుడు మాత్రం సిగ్గుపడకుండా మెడపట్టీ లోపల వేళ్లు పెట్టి రాయండి. మెత్తటి కాటన్ అస్తరు లేకపోతే దర్జీ చేత వేయించండి. ఇది నా మెడ ఇచ్చిన వాంగ్మూలం.

ముంజేతి పట్టీల మీద పని మాత్రం చస్తే వద్దు. ఈ దుస్తులు కనిపెట్టినవాడు విస్తట్లో భోంచేసి ఉండడు. పప్పు వరకూ నెట్టుకొచ్చాను. సాంబారు వడ్డించే అబ్బాయి ఎప్పట్లాగే ఆకు మధ్యలో కాకుండా అంచున కుమ్మరించాడు. అది నా వైపు పరుగెత్తింది. అడ్డంగా చెయ్యి పెట్టాను, అలవాటు కొద్దీ. జరీ తీగల్లో, ప్రతి ఆకు మధ్యా, ఒక్కో ఆవగింజ పొదిగినట్టు కూర్చుంది. పక్కాయన చూసి "చాలా సన్నటి పనండీ, ఎక్కడ తీసుకున్నారు?" అన్నాడు.

రాత్రి పదకొండున్నరకు ఇంటికొచ్చాం. మా ఆవిడ పట్టుచీర మార్చేసి, నగలు బీరువాలో పెట్టేసి, మంచినీళ్లు తాగి, మంచమెక్కేసింది. నేను చేతులు రెండూ పైకెత్తి, తల కుర్తా లోపలే ఉండిపోయి, బీరువా ముందు నిలబడి ఉన్నాను. బొత్తాం పట్టీ గుండెల దాకానే తెరుచుకుంటుంది, తల మాత్రం మొత్తం బయటికి రావాలి. లాగితే ఎక్కడో చమ్కీలు రాలుతున్న చప్పుడు.

"ఇంకా ఎంతసేపండీ? లైటార్పాలి."