మూతపడింది గూగుల్ రీడర్, ఫీడ్ కాదు

‘ఆరెస్సెస్ 2013లోనే చచ్చిపోయింది, దాని పని ఇప్పుడు సోషల్ మీడియా చేస్తోంది, ఇంకా పట్టుకు వేలాడేది ప్రోగ్రామర్లే’ అనే మాట చాలాకాలంగా చేతులు మారుతోంది. ఆరెస్సెస్ అంటే సైట్లలో వచ్చే కొత్త టపాలను మనకు చేర్చే ఫీడ్ పద్ధతి. నిత్యం ఫీడ్ల ద్వారానే చదివే మనిషిగా దీనికి జవాబు చెప్పడం అవసరమని భావిస్తున్నాను. ఆరెస్సెస్ అనే పొడి అక్షరాలు మన దగ్గర వేరే సంస్థను గుర్తుకు తెస్తాయి కనుక వీలైనంతవరకు ‘ఫీడ్’ అనే మాటే వాడతాను.

మొదటి వాదన, 2013లో చావు. ఆ ఏడాది జూలై 1న మూతపడింది ఫీడ్ కాదు, 2005 అక్టోబరులో మొదలైన గూగుల్ రీడర్. ఫీడ్ అంటే ఒక సైటు తన కొత్త టపాల శీర్షికలను, లంకెలను, తేదీలను, ఒక్కోసారి పూర్తి పాఠాన్ని కూడా నిర్ణీత పద్ధతిలో పేర్చి తన సర్వరులోనే ఉంచే ఎక్స్‌ఎంఎల్ (సాఫ్ట్‌వేర్ సులువుగా చదవగల రూపం) ఫైలు. రీడర్ అంటే మనం ఎంచుకున్న అలాంటి ఫైళ్లను ఎప్పటికప్పుడు తెచ్చి, అంతకుముందు చూడనివాటిని వేరుచేసి చూపే సాఫ్ట్‌వేర్. మొదటిది ప్రచురించేవారిది, రెండోది చదివేవారిది. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థ తెచ్చిన తొలి రూపం గానీ, 2002 నాటి ఆరెస్సెస్ 2.0 గానీ, 2005 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సి 4287 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడిన ఆటమ్ అనే మరో ఫీడ్ పద్ధతి గానీ గూగుల్ సొత్తు కాదు కనుక, వాటిని మూసే అధికారమూ ఆ సంస్థకు లేదు. ఊళ్లో పెద్ద పుస్తకాల కొట్టు మూతపడితే అచ్చు యంత్రాలు ఆగిపోవు.

నష్టం జరగలేదని నేను అనను. మరో రీడరు వెతుక్కోకుండా ఫీడ్లనే వదిలేసిన పాఠకులున్నారు. అదే ఏడాది ట్విట్టర్ తన ఫీడ్లను ఆపేసింది. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 64 బ్రౌజరు, ఫీడ్లను బుక్‌మార్కుల్లోనే చూపే లైవ్ బుక్‌మార్కులను తీసేసింది. తెలుగు బ్లాగులను ఒకచోట చూపిన కూడలి, హారం, మాలిక వంటి సంకలినులు ఫీడ్ల మీదే నడిచాయి కనుక, ఈ అలవాటు సన్నగిల్లడం మనకు మరీ దగ్గరి నష్టం. అయినా వాడుక తగ్గడం వేరు, చావు వేరు.

చచ్చిందనేవారు పాడ్‌కాస్టులను గమనించినట్టు లేరు. ఆడియో ఫైలు చిరునామాను ఫీడులో జతచేసే వీలు 2000లో ఆరెస్సెస్ 0.92తో వచ్చింది, నేటికీ పాడ్‌కాస్టు కొత్త భాగాలు వినేవారి యాప్‌కు చేరేది చాలావరకు ఆ దారినే. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటు ఏదైనా, ప్రత్యేకంగా ఆపితే తప్ప, చిరునామా చివర ‘ఫీడ్’ అని ఇంగ్లీషులో చేర్చగానే ఫీడ్ ఇస్తుంది. యూట్యూబ్ ఛానెళ్లకూ ఉంది. తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసపు మార్పుల చరిత్రకైనా ఆటమ్ ఫీడ్ ఉంటుంది.

సోషల్ మీడియా ఇదే పని చేస్తోందన్న వాదన నన్ను ఎక్కువగా బాధిస్తుంది. అక్కడ ఏది ముందు కనిపించాలో, ఏది అసలు కనిపించకూడదో సంస్థ లెక్కలు నిర్ణయిస్తాయి. రెండు నెలలకొక టపా రాసే మంచి రచయిత ఆ ప్రవాహంలో కొట్టుకుపోతాడు. రీడరులో ఆ టపా మనం చదివేదాకా ‘చదవనిది’గా నిలిచి ఉంటుంది. తెలియని రచయితలను పరిచయం చేయడంలో సోషల్ మీడియాకున్న బలం ఫీడుకు లేదు, అది నిజం. కానీ ఎంచుకున్నవారిని తప్పిపోకుండా చదవడం వేరే పని, దానికి ఫీడే తగినది.

ఇక ప్రోగ్రామర్లకే అన్న మాట. సైటు చిరునామాను రీడరులో అతికిస్తే చాలు, పేజీలో దాగి ఉన్న ఫీడ్ లంకెను చాలా రీడర్లు తామే పట్టుకుంటాయి. ఈమెయిలుకు వాడే థండర్‌బర్డ్‌లోనూ ఫీడ్లు చదవవచ్చు. వాడే రీడరు నచ్చకపోతే మన చందాల జాబితాను ఓపీఎంఎల్ అనే ఒక్క ఫైలుగా దింపుకుని మరోదానిలోకి ఎక్కించవచ్చు. 2013లో గూగుల్ రీడర్ పాఠకులు తమ జాబితాలను ఫీడ్లీ వంటి రీడర్లకు తీసుకుపోగలిగింది అవి వాళ్ల చేతికి వచ్చేవి కనుకనే.