పట్టుకున్నాకే వదలాలి

విశాఖలో హనుమంతవాక దగ్గర బస్సు మలుపు తిరుగుతోంది. మా అమ్మాయికి చూసిన సంబంధం గురించి ఫోనులో మా బావమరిది చెబుతున్నాడు. "బావా, అబ్బాయి బుద్ధిమంతుడే, కట్నం కూడా వద్దన్నారు, కానీ..." అంతే, మాట తెగింది. ఆ కొండ పక్కన వారానికి ఐదు రోజులు ఇదే తంతు. ఒక టవరు నన్ను వదిలేస్తుంది, రెండోది పట్టుకోదు. టవరు నుంచి టవరుకు ఈ అప్పగింతలనే హ్యాండాఫ్ అంటారు.

ఈ అప్పగింతల విద్య మీద 1972లోనే బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఏమస్ జోయల్‌కు అమెరికాలో పేటెంటు వచ్చింది. దాని గడువు ఏనాడో తీరింది కానీ, దాని వెనక పేటెంట్ల సంతతి మాత్రం తామరతంపరగా పెరిగింది. పైగా కొత్త ఫోను పాత నెట్‌వర్కుల్లోనూ పలకాలి కదా! అందుకని 5జీ ఫోను కొన్నవాడు తాత ముత్తాతల పేటెంట్ల బాకీ కూడా మోయాలి.

మన ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్లి చూడండి. బోటులోంచి ఒడ్డుకు చేపల బుట్టలు చేతులు మారుతుంటాయి. కింది చెయ్యి పట్టుకున్నాకే పై చెయ్యి వదులుతుంది. సీడీఎంఏ అనే పాత మొబైల్ పద్ధతి పండితులు దీనికి సాఫ్ట్ హ్యాండాఫ్ అని నామకరణం చేశారు. ముందు వదిలి తర్వాత పట్టుకుంటే హార్డ్ హ్యాండాఫ్. 4జీ ఆ బాపతు. ఈ పేటెంట్ల జబ్బు హార్బరుకూ పాకిందనుకోండి, రేపు జెట్టీ మీదికి నల్లకోటు ఒకాయన దిగుతాడు.

"పట్టుకున్నాక వదలడం మా కక్షిదారు సొత్తు. బుట్టకింత కట్టండి."

"అయితే వదిలేసి పట్టుకుంటాం బాబూ."

"అది మా రెండో కక్షిదారుది."

"విసిరేస్తాం!"

ఆయన కాగితాలు తిరగేస్తాడు. "విసరడం మీద దరఖాస్తు పెండింగులో ఉంది."

వసూలు కూడా చేపల ధరలో శాతం. వంజరమైతే ఎక్కువ, కానాగంతలైతే తక్కువ. చెయ్యి కదిలింది మాత్రం ఒకలాగే! నవ్వకండి. పేటెంటు వాడుకున్నందుకు కట్టే సొమ్ము, అదే రాయల్టీ, చిప్పు ధర మీద కట్టాలా, మొత్తం ఫోను ధర మీదా అని ఢిల్లీ హైకోర్టులో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2024 మార్చిలో టెలికాం కంపెనీ ఎరిక్సన్‌కు ఫోన్ల కంపెనీ లావా 244 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆ కోర్టు తీర్పిచ్చింది. (అవి అప్పగింతల పేటెంట్లు కావు, ఫోనులో మాటను కుదించి పంపడం, ఎడ్జ్ అనే పాత డేటా పద్ధతి వగైరా. జాతి మాత్రం అదే.)

మరి తెగిన నా మాటకో? కాల్ తెగితే రూపాయి, రోజుకు మూడుకు మించకుండా ఇవ్వాలని 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టింది. నెట్‌వర్కు కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2016 మేలో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. మూడు రూపాయలండీ! టీ కూడా రాదు! దానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లడానికి సిగ్గుండాలి. పట్టుకునే విద్య కనిపెట్టినవాడికి కోట్లు ఇప్పించే చట్టముంది, పట్టు తప్పి పడ్డవాడికి రూపాయి ఇప్పించే దిక్కు లేదు. ఆ కొండ పక్కన ఎవరి తల్లి ఆఖరి మాట తెగిపోయిందో ఎవడికి కావాలి?

మధురవాడలో మళ్లీ కలిసింది. "కానీ అన్నావు, ఏమిటది?" అని అడిగాను.

"అంతా చెప్పాను కదా బావా! నువ్వు కాదనకపోయేసరికి, వాళ్లకు మాట కూడా ఇచ్చేశాను."