పటం మీద గీత, పట్టా మీద రాత

అంతర్జాతీయ వ్యవహారాల్లో పీజీకి చేరిన విద్యార్థి మొట్టమొదట తేల్చుకోవాల్సింది తాను అధ్యయనం చేయబోయే 'ప్రాంతం' ఏదన్నది. ఇక్కడ తొందర పనికిరాదు. 'మధ్యప్రాచ్యం' అన్న మాటకు 1902లో ప్రాచుర్యం తెచ్చినవాడు అమెరికా నౌకాదళ అధికారి మహన్. 'ఆగ్నేయాసియా' పేరు స్థిరపడింది 1943 నాటి మిత్రపక్షాల సైనిక కమాండ్ వల్ల. సేనానులు పటం మీద గీసిన గీతలకు సిద్ధాంతం కుట్టిపెట్టడమే మన చదువు.

అఫ్ఘానిస్తాన్‌నే తీసుకోండి. 2007 నుంచి దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లో సభ్యదేశం కాబట్టి దక్షిణాసియా. ప్రాంతీయ భద్రతా సిద్ధాంతంలో మాత్రం అది ప్రాంతాలను విడదీసే 'ఇన్సులేటర్'. నలభై ఏళ్లకు పైగా షాక్ కొడుతున్న ఇన్సులేటర్! ఐక్యరాజ్యసమితి గణాంకాల్లో ఇరాన్ కూడా దక్షిణాసియాయే. అమెరికా సైన్యం లెక్కలో వాఘాకు ఇవతల హవాయి కమాండ్, అవతల ఫ్లోరిడా కమాండ్.

ఇక థీసిస్. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌కూ, సార్క్‌కూ పోలిక అందరికీ ముద్దు. 1967లో పుట్టింది బాగుపడింది, 1985లో పుట్టింది 2014 కాఠ్మాండూ శిఖరాగ్రం తర్వాత మంచం పట్టింది. కారణం? ఏకాభిప్రాయ నిబంధన అని రాశారో, వైవాలో దొరికిపోతారు: ఆసియాన్ నడిచేదీ ఏకాభిప్రాయంతోనే. భారత్ పెద్దన్న కావడం వల్ల అంటే, అటు ఇండోనేషియా ఏమైనా చిన్న తమ్ముడా అంటారు. అప్పుడు ఆదుకునేది 'రాజకీయ సంకల్పం'. సమావేశం జరిగితే సంకల్పం ఉన్నట్టు, జరగకపోతే లేనట్టు. సమావేశం ఎందుకు జరగలేదు? సంకల్పం లేక. ఇంత దృఢమైన సిద్ధాంతాన్ని ఏ ఎగ్జామినరూ పడగొట్టలేడు. పట్టుకోవడానికి అంచు దొరకదు.

భాష సంగతి క్లుప్తంగా. రెండు సెమిస్టర్ల ప్రామాణిక అరబిక్‌తో పత్రికలో హెడ్‌లైన్లు చదవొచ్చు. కైరోలో టాక్సీ ఎక్కితే డ్రైవర్ మాట్లాడేది వేరే అరబిక్. దీన్ని మెథడాలజీ అధ్యాయంలో 'పరిమితులు' కింద ఒక్క వాక్యంలో దాచేయాలి.

ఇంటర్వ్యూలకు రిటైరైన రాయబారులే శ్రేయస్కరం: చాయ్ ఇస్తారు, టైమిస్తారు, తాము పదవిలో ఉన్నంతకాలం ప్రాంతం చల్లగా ఉందని చెబుతారు. పదవిలో ఉన్నవారు పత్రికా ప్రకటనలో ఉన్నదే గొంతు తగ్గించి చెప్పి, పేరు రాయొద్దంటారు. ఫుట్‌నోట్‌లో 'ఒక సీనియర్ అధికారి' అని రాయండి. అచ్చయిన ప్రకటన కన్నా దానికే విలువెక్కువ.